రైలెక్కిన నాటి తెలుగు

మా సెక్షన్ పెద్దాయనకు మాటల పాత కథలంటే ప్రాణం. మధ్యాహ్నం డబ్బాలు తెరిచామంటే చాలు, మొదలుపెట్టేవారు. "కంపు అంటే ఇవాళ ముక్కు మూసుకుంటున్నాం గానీ అమ్మా, పూర్వం మంచి వాసనకు కూడా అదే మాట. చీర అంటే ఏ బట్టయినా సరే, మగవాళ్లు కట్టుకున్నా చీరే. సాహసం అంటే మెచ్చుకోలు అనుకుంటున్నావు, ఒకప్పుడు అది నింద." నేను వంకాయ కూర కలుపుకుంటూ ఊఁ కొడుతుండేదాన్ని. విన్న కథలే అయినా వినబుద్ధేసేది. మాటల గురించి చెప్పేటప్పుడు ఆయన అన్నం తినడం కూడా మర్చిపోయేవారు.

వెయ్యేళ్ల కిందటి మార్పులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. తాను ఢిల్లీ రైలెక్కిన తర్వాత తెలుగులో వచ్చిన మార్పు మాత్రం ఒక్కటీ ఒప్పుకునేవారు కాదు. మా గొడవంతా ఇదే.

ఆఫీసు పేరెందుకు గానీ, కేంద్ర ప్రభుత్వంలో అదొక మూల. ఆరోగ్యం గురించి, పంటల గురించి జనానికి పంచే కరపత్రాలు ఇంగ్లీషులో వచ్చేవి, మేం వాటిని మా మా భాషల్లోకి మార్చాలి. తెలుగుకు ముగ్గురం. పెద్దాయనది గుంటూరు వైపు, ఇరవై రెండేళ్లప్పుడు ఉద్యోగం కాగితం జేబులో పెట్టుకుని వచ్చిన మనిషి, రిటైరవడానికి రెండేళ్లుంది. నాది గోదావరి జిల్లా. పెళ్లయి సరోజినీ నగర్ క్వార్టర్సులో అడుగుపెట్టి అప్పటికి ఇరవయ్యేళ్లు. మూడో మనిషి పాలమూరు నుంచి వచ్చిన అమ్మాయి, ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. నేను చెబుతున్నది రెండువేల నాలుగో అయిదో సంవత్సరం సంగతి. ఢిల్లీ పడమటి కొసన ఉన్న ద్వారకకు మెట్రో ఇంకా రాలేదు, స్తంభాలు మాత్రం లేచాయి.

పెద్దాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. చిత్తుప్రతిలో ఏ మాట మీద ఆయనకు అనుమానం వచ్చినా, పక్కన మార్జిన్లో నిఘంటువు పేజీ నంబరు వేయాలి. నంబరు లేకపోతే ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. ఆ నిఘంటువు ఆయన ఊరి నుంచి ట్రంకుపెట్టెలో తెచ్చుకున్నదే. రెండు సంపుటాలు, ఆఫీసు నీలం అట్ట వేయించి బీరువాలో పెట్టారు. నేను చేరిన కొత్తలో నాకూ సున్నాలు పడేవి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయనతో గొడవపడి, ఇంటికెళ్లి మా ఆయన మీద అరిచేదాన్ని. తర్వాత తర్వాత ఎందుకొచ్చిన తంటా అని, నిఘంటువులో ఉన్న మాటలే రాయడం అలవాటు చేసుకున్నాను. అలవాటైపోయాక అదే మంచి తెలుగు అనిపించింది కూడా.

మా మేనకోడలు రాజమండ్రి నుంచి ఫోన్లో నా మాటలు విని ఒకసారి నవ్వింది. "అత్తయ్యా, నువ్వు మాట్లాడుతుంటే టీవీలో పాత సినిమా వస్తున్నట్టు ఉంటుంది. పిక్చరు అనేవాళ్లు ఇప్పుడెవరున్నారు?" నాకు రెండు రోజులు ఒళ్లు మండింది. మండాక ఆలోచించాను. మా కాలనీలో అందరికంటే ముందొచ్చిన మామ్మగారు సినిమాను బొమ్మ అంటారు. మధ్యలో వచ్చిన మేము పిక్చరు అంటాం. ద్వారక అపార్టుమెంట్లలో కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ పిల్లలు మూవీ అంటారు. ఎవరు ఏ ఏడు రైలెక్కారో వాళ్ల తెలుగు ఆ ఏడే ఆగిపోయింది. ఇక్కడ పుట్టిన మా వాడి గొడవ వేరే, వాడు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతాడు. అదంతా అర్థమయ్యాక కోపం పోయింది గానీ, పిక్చరు అనడం మాత్రం పోలేదు.

ఈ అమ్మాయికి ఆ బాధ లేదు. నిన్న మొన్న ఊరు వదిలి వచ్చింది. ఆమె చిత్తుప్రతులు పెద్దాయన బల్ల మీద నుంచి తిరిగొచ్చేసరికి కాగితం నిండా ఎర్ర సున్నాలే. జరం అన్నా సున్నా, దవాఖాన అన్నా సున్నా. వేసవిలో చంటిపిల్లలకు పట్టుకునే విరేచనాల మీద ఒక కరపత్రం వచ్చింది. దాని దగ్గర తాడోపేడో అన్నంత వరకూ వెళ్లింది.

"దస్తులు ఏమిటమ్మాయ్? నిఘంటువులో దస్తు అంటే వసూలైన శిస్తు సొమ్ము. పిల్లవాడికి శిస్తు పట్టుకుందా?" అన్నారు పెద్దాయన.

"మా దిక్కు ఎవర్నడిగినా గట్లనే అంటరు సార్."

"దిక్కుకో తీరుగా రాస్తే కరపత్రాలు ఎన్ని వేయాలి? అతిసారం అని రాయి. పేజీ నంబరు నేనిస్తా."

ఆ అమ్మాయి రాసుకుంది. కాస్సేపాగి లేచి, బీరువాలోంచి నిఘంటువు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. చిత్తులో తను చన్నుపాలు అని రాసినచోట ఆయన స్తన్యం అని దిద్ది ఉన్నారు, ఆ చోటు చూపించింది. "దీనికి పేజీ నంబరుంది సార్. చన్ను మీ నిఘంటువులనే ఉంది."

పెద్దాయన చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "నిఘంటువులో ఉంటే ఉండనీ. నలుగురు చదివే కాగితంలో ఉండకూడదు" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. ఫైలు అడ్డం పెట్టుకున్నాను. పుస్తకంలో ఉన్నంత కాలం మర్యాదగా బతికిన మాట, ఆయన కళ్ల ముందే మర్యాద పోగొట్టుకుంది. అది ఏ పేజీలోనూ రాసి ఉండదు కదా. ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

నవ్వే సంగతి కాదని వారం తిరక్కుండానే తెలిసింది. ఆ అమ్మాయి కాంట్రాక్టు నెలాఖరుకు ముగుస్తుంది. ఇంకో ఏడాది ఉంచాలంటే ఆమె భాష ఎలా ఉందో సెక్షన్ పెద్ద ఫైల్లో నోట్ రాయాలి, కింద నేను పొట్టి సంతకం పెట్టాలి, అది మూడో అంతస్తుకు వెళ్లాలి. ఆ నోట్ మీదే ఆమె ఉండటమో పోవడమో. మెట్ల దగ్గర చాయ్ తాగుతూ నాతో అంది, "ఇది పోతే నాయిన వచ్చి తోల్కపోతడు అక్కా. ఒక్కసారి ఇంటికి పోయిన్నంటే మల్ల ఇటు దిక్కు రానియ్యడు." ఎప్పుడూ మేడం అనే పిల్ల అక్కా అంది. "ఆయన పైకి అలా ఉంటారు గానీ మంచివారే, నీకేం కాదులే" అన్నాను.

శుక్రవారం సాయంత్రం పెద్దాయన ఫైలు నా బల్ల మీద పెట్టి, పెన్ను మూత కూడా తీసి ఇచ్చారు. ప్రామాణిక తెలుగులో పరిజ్ఞానం సంతృప్తికరంగా లేదు. ఒక్కటే వాక్యం, ఇంగ్లీషులో. ఆయనకు ఆ పిల్ల మీద ద్వేషం లేదు, అది నాకు తెలుసు. రోజూ తన డబ్బాలో పెరుగన్నం సగం ఆమెకే పెట్టేవారు. నిజంగానే ఆ పిల్లకు తెలుగు రాదని నమ్మి రాశారు. చెప్పాల్సింది బోలెడుంది. కానీ ఇన్నేళ్ల అలవాటు, ఆయన అడిగితే సంతకం పెట్టేయడం. పెట్టాను. ఫైలు పైకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏమైందని అడిగిన పాపానికి మా ఆయన్ని కసిరాను. నా కోపం నా మీదేనని తెలుస్తూనే ఉంది. తెల్లారాక పెద్దాయన ఇంటికి ఫోన్ చేశాను. "మీ కరపత్రం, ఆ అమ్మాయి కరపత్రం రెండూ పట్టుకుని రేపు ద్వారక వెళదామండీ. అక్కడ కట్టే అపార్టుమెంట్లలో పాలమూరు కూలీలున్నారట. ఎవరిది అర్థమవుతుందో వాళ్లనే అడుగుదాం" అన్నాను. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "దానికేం భాగ్యం, పద" అన్నారు. గెలుస్తానని ఆయనకు అంత ధీమా.

ఆదివారం పొద్దున ముగ్గురం ధౌలా కువాన్ దగ్గర కలుసుకుని బస్సెక్కాం. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడ్డసంచీలో నిఘంటువు మొదటి సంపుటం పెట్టుకొచ్చారు. "ఇది ఎందుకండీ?" అంటే, "ఎవరైనా అడిగితే చూపించొద్దూ" అన్నారు. ఫైలు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని, మా ఊరోళ్లు ఫలానా సెక్టార్ల ఉన్నరని సంబరంగా చెబుతోంది. నాకు ఆమె మొహం చూడటానికి మొహం చెల్లలేదు.

సగం లేచిన అపార్టుమెంట్ల వెనక రేకుల గుడిసెలు వరసగా ఉన్నాయి. సెలవురోజు గనక ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. ఒక ముసలామె చాటలో బియ్యం ఏరుతోంది. "అవ్వా, ఏ ఊరే మీది?" అని ఆ అమ్మాయి ఒక్క మాట అనేసరికి చుట్టూ పదిమంది మూగారు. పెద్దాయన కోసం ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేశారు. ఆయన కూర్చుని, గొంతు సవరించుకుని చదివారు.

శిశువులకు అతిసారం సోకినప్పుడు నీటిని నిలిపివేయరాదు. లవణ ద్రావణాన్ని స్వల్ప పరిమాణంలో తరచుగా ఇవ్వాలి. స్తన్యం కొనసాగించాలి. బాగా చదివారు, ఆయన గొంతు బాగుంటుంది. ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని, పురాణం వింటున్నట్టు కూర్చున్నారు. ప్రతి వాక్యానికీ తలూపారు. అయిపోయాక బియ్యం ఏరే అవ్వ చేతులు జోడించింది. "మంచిగ చెప్పిన్రు సారూ. శాన మంచిగ చెప్పిన్రు."

ఆయన నా వంక చూశారు. ఆ చూపుకి నా పని అయిపోయిందనుకున్నాను. ఎందుకు తీసుకొచ్చానురా భగవంతుడా అనుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం, చంకలో పిల్లాడున్న ఒక తల్లి దగ్గరికి వెళ్లి మామూలుగా అడిగింది. "అక్కా, రేపు వీనికి గట్లయిందనుకో, నువ్వేం జేస్తవు?"

"ఏం జేస్తం? నీళ్లు బంద్ పెడ్తం. నీళ్లు తాపితే ఇంకింత పోతది గద. రెండు రోజులు పాలు గూడ ఇయ్యం."

పెద్దాయన కుర్చీలో ముందుకు వంగారు. "ఇప్పుడే కదమ్మా చదివాను? నీరు ఆపకూడదనే కదా చెప్పాను?"

ఆమె కంగారుపడి పిల్లాణ్ని ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. "మీరు పెద్దోళ్లు సారూ. మీరు మంచే చెప్తరు. మాకు ఏమెరుక?"

ఇన్నేళ్లుగా మేం పంపిన కరపత్రాలన్నీ ఎవరో ఇలాగే చేతులు జోడించి విని ఉంటారు. అర్థం కాలేదని ఒక్కరూ ఉత్తరం రాయలేదు. రాయలేదు గనక మా తెలుగు బాగుందనుకున్నాం. అవన్నీ పేజీ నంబర్లు వేసి మరీ నేను రాసినవే.

తర్వాత ఆ అమ్మాయి తన కాగితం చదివింది. రెండో వాక్యానికే అడ్డు తగిలారు. ఏ పొడి, ఎక్కడ ఇస్తరు, ఎంత నీళ్లల్ల, కక్కుకుంటే మల్ల ఇయ్యాల్నా అని ఒకరి మీద ఒకరు పడి అడిగారు. పెద్దాయన చదివినప్పుడు ఒక్క ప్రశ్న కూడా రాలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆయనకూ తట్టినట్టుంది, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అయితే ఆ అమ్మాయి కూడా పూర్తిగా తప్పించుకోలేదు. అవ్వ చాట పక్కన పెట్టి, "దస్తులని బస్తీల అంటరు బిడ్డా. సదువుకున్నోళ్ల మాట అది. మేం పారుడు అంటం" అంది. పిల్ల మొహం చిన్నబోయింది, ఆ మాట కొట్టేసి పైన రాసుకుంది.

"పారుడా?" అన్నారు పెద్దాయన.

"అవు సారూ. పోరగానికి పారుడు పట్టుకున్నది అంటం."

ఆయన ఎండలో ఆరేసిన బట్టలకేసి చూస్తూ కూర్చున్నారు. "మా అమ్మ అనేది" అన్నారు చివరికి, నాతోనో తనతోనో. "పిల్లలకైనా దూడలకైనా ఆ మాటే అనేది. నేనూ అనేవాణ్ణి. ఇక్కడికొచ్చాక మోటుగా ఉంటుందని మానేశాను. మానేసి మానేసి, అసలా మాట ఉందనే మర్చిపోయాను." ఆ నిమిషంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. ఆయన మర్చిపోయిన తెలుగును వెయ్యిమైళ్ల అవతలి నుంచి ఈ అవ్వ ఇటుకల పనికి వస్తూ తనతో తెచ్చుకుంది.

ఆయన మడిచిన కాగితం మళ్లీ తీసి, వెనక తెల్లగా ఉన్నవైపు తిప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. "అవ్వా, ఈ పిల్ల చెప్పిందంతా నువ్వు మీ కోడలికి చెబుతున్నట్టు చెప్పు. నేను రాసుకుంటా" అన్నారు. అవ్వ చెప్పింది. "పోరగానికి పారుడు పట్టుకుంటే నీళ్లు బంద్ పెట్టకు. దవాఖాన్ల ఇచ్చే పొడి, కాగి సల్లారిన నీళ్లల్ల కలిపి జరంత జరంత తాపుతనే ఉండు. చన్ను ఇడిపియ్యకు." ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నారు. చంకలో పిల్లాడున్న తల్లి ఆయన దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "అయితే పాలు ఇయ్యొచ్చునా సారూ?"

"ఇవ్వాలమ్మా. ఇస్తూనే ఉండాలి" అన్నారాయన.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి ముందు సీట్లో నిద్రపోయింది. పెద్దాయన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చాలాసేపయ్యాక అడిగారు. "ఆ ఫైలు పైకి వెళ్లిపోయిందా?"

"శుక్రవారమే వెళ్లిందండీ."

ఒకసారి పైకి వెళ్లిన నోట్‌ను కొట్టేయడానికి, చించడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు. రాసింది రాసినట్టే ఉండిపోతుంది. కావాలంటే దాని కింద ఇంకోటి రాయాలి, పైవాళ్లు రెండూ చదువుతారు. తను రాసిన దాని కింద తనకే వ్యతిరేకంగా రాసుకున్న వాళ్లను మా ఆఫీసులో నేను చూడలేదు.

సోమవారం ఆయన ప్యూన్ని పంపలేదు. మోకాళ్ల నొప్పులతో తనే మూడో అంతస్తు ఎక్కి ఫైలు అడిగి తెచ్చుకున్నారు. అక్కడి గుమాస్తా, "క్యా హువా సర్, కుఛ్ గల్తీ?" అని అడిగితే, "హాఁ, బడీ గల్తీ" అన్నారట, పెద్ద తప్పే జరిగిందని. ఆ అమ్మాయి ప్రెస్సుకు వెళ్లిన సమయం చూసుకుని, తలుపు దగ్గరికి వేసి రాయడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు రాయడానికి అరగంట పట్టింది. రాసి, ఫైలు నా వైపు తిప్పారు.

"చూసి సంతకం పెట్టమ్మా. తప్పులేమైనా ఉంటే దిద్దు" అన్నారు. ఆయన రాసింది దిద్దమని నాతో అనడం అదే మొదటిసారి.

పై నోట్‌లో నేను పొరపాటు రాశాను, ఈమెను ఇంకో ఏడాది తప్పక ఉంచుకోవాలి. ఈ సెక్షన్‌లో ఇవాళ్టి తెలుగు రాని వ్యక్తి ఒకరున్నారు, ఆ వ్యక్తి ఈమె కాదు.

ఇంగ్లీషులోనే రాశారు, ముత్యాల్లాంటి అక్షరాలతో. దానికి కాస్త పైన, శుక్రవారం నేను పెట్టిన పొట్టి సంతకం ఉంది. రెండుసార్లు చదివాను. కళ్లు తుడుచుకుని ఆయన ఎర్ర పెన్ను అందుకున్నాను. ఒకరు అన్న మాట కొట్టేసి, పైన ఇద్దరు అని రాశాను.

ఆయన వద్దనలేదు. దిద్దిన చోట ముందు నేను పొట్టి సంతకం పెట్టాను, పక్కన ఆయన పెట్టారు.